రాజుల ఖాతాలో వేసిన కూలీల మాటలు

నాటింగ్‌హామ్‌లో నా మొదటి చలికాలం అది. అక్టోబరు ఇంకా ముగియకముందే రెండు స్వెట్టర్ల మీద కోటు కూడా తొడుక్కుని వంటగదిలోకి వచ్చిన నన్ను చూసి మా ఇంటావిడ "యూ ఆర్ నెష్, యూ ఆర్" అన్నారు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివి, వీసా కోసం పెట్టే పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని ఆ దేశంలో అడుగుపెట్టిన నాకు, ఆ మాట తిట్టో ముద్దో కూడా తెలియలేదు. చలికి ఓర్చుకోలేని సుకుమారులను తమ వైపు అలా అంటారని ఆవిడే వివరించి, ఆ వెంటనే అది సరైన ఇంగ్లీషు కాదనీ, నన్ను నేర్చుకోవద్దనీ చెప్పారు. పదిహేనో ఏట మేజోళ్ళ ఫ్యాక్టరీలో చేరి నలభై ఏళ్ళకు పైగా అక్కడి మిషన్ల ముందే నిలబడిన మనిషి ఆవిడ. తన నోటి మాటకు తానే సంజాయిషీ చెప్పుకునే ఆ తీరు నాకు కొత్తది కాదు. అనంతపురం జిల్లాలో మా నాయనమ్మ జీవితమంతా "ఎర్రగడ్డ" అన్నదే గాని, విజయవాడ నుంచి వచ్చిన వియ్యాలవారి ముందు మాత్రం తడబడి "ఉల్లిపాయ" అని దిద్దుకునేది.

నెష్ తప్పుడు మాట కాదు. మెత్తదనాన్నీ సుకుమారాన్నీ చెప్పే పాత ఇంగ్లీషు మాట ఒకటి వెయ్యేళ్ళకు పైగా నోటి నుంచి నోటికి దిగివచ్చి ఇలా మిగిలింది. లండన్ దాన్ని ఎప్పుడో జారవిడుచుకుంది; నాటింగ్‌హామ్, డర్బీ, స్టోక్, షెఫీల్డ్ ఊళ్ళ జనం విడవలేదు. పోగొట్టుకున్న ఊరి భాష ప్రమాణమై, కాపాడుకున్న ఊరి భాష తప్పుల లెక్కలో చేరింది. ఇంగ్లీషు ప్రాంతీయ మాటల గురించీ, ఆ భాషలోని పాత ఆశ్చర్యార్థకాల పుట్టుక గురించీ అప్పటి నుంచి నేను చదివిన కొద్దీ ఒక అభిప్రాయం నాలో గట్టిపడుతూ వచ్చింది. జనం నోట పుట్టిన మాటలకు అన్యాయం రెండు విధాలుగా జరుగుతుంది. మొదట వాటిని మొరటువని తోసిపుచ్చుతారు. తర్వాత అవి ముద్దొచ్చినప్పుడు, వాటికి లేని గొప్ప వంశం అంటగట్టి, పుట్టించినవాళ్ళ చేతుల్లోంచి లాక్కుంటారు. ఈ రెండోది ప్రేమ రూపంలో వస్తుంది కాబట్టి ఎవరికీ తప్పుగా కనిపించదు.

ఆ ఊళ్ళో నన్ను బస్సు డ్రైవరు, కూరగాయలమ్మే ఆయన, ఆసుపత్రిలో నర్సు, అందరూ "డక్" అని పిలిచేవారు. ఆడ, మగ, పిన్న, పెద్ద తేడా లేకుండా ఎవరినైనా "ఏ అప్ మి డక్" అని పలకరించడం మిడ్‌లాండ్స్, అంటే ఇంగ్లండు నడిమి సీమ పద్ధతి. న్యూకాజిల్‌కు వెళితే అదే ఆప్యాయత "పెట్" అవుతుంది, "హిన్నీ" అవుతుంది. గ్లాస్గోలో ఆడవాళ్ళను "హెన్" అంటారు. బ్రిస్టల్ వైపు ముక్కూమొగం తెలియని దుకాణదారు కూడా "మై లవర్" అంటాడు. గుండ్రటి చిన్న రొట్టెను నాటింగ్‌హామ్‌లో కాబ్ అనీ, మాంచెస్టర్‌లో బార్మ్ అనీ, కోవెంట్రీలో బ్యాచ్ అనీ అడగాలి. రెండిళ్ళ మధ్య సందు నాటింగ్‌హామ్‌లో ట్విచెల్, లెస్టర్‌లో జిట్టీ, లీడ్స్‌లో గిన్నెల్. ఒక పగటి రైలు ప్రయాణంలో ఇన్ని మాటలు మారతాయి.

డక్ అంటే బాతు కాదనీ, సేనానికీ ప్రభువుకీ వాడిన పాత బిరుదు నుంచి, అంటే డ్యూక్ అన్న మాట పుట్టిన మూలం నుంచే అది వచ్చిందనీ, ఎదుటివాణ్ణి ప్రభువుగా గౌరవించడమే అందులోని భావమనీ అక్కడి మిత్రుడొకడు నాకు ఎంతో గర్వంగా చెప్పాడు. ఆ ప్రాంతంలో చాలామంది నమ్మే కథ అది. అయితే 1590ల నాటికే షేక్‌స్పియర్ నాటకంలో ఒక పాత్ర తన ప్రియురాలి కోసం "ఓ డెయింటీ డక్, ఓ డియర్" అని వాపోతుంది. ఆ మాటలు పలికేది నాయకుడి వేషం కట్టిన బాటమ్ అనే నేతపనివాడు. మనం పసిబిడ్డను చిలకా అని పిలిచినట్టే ఆ జనం బాతును తలచుకున్నారు, అంతే. ప్రభువుల కథ ఆ మాటకు గౌరవం తెస్తుందని నా మిత్రుడు అనుకున్నాడు. ఒక బీద మనిషి మరో బీద మనిషిని ముద్దుగా పిలుచుకోవడానికి ఏ ప్రభువు అనుమతీ అక్కరలేదన్న సంగతిని ఆ కథ చెరిపేస్తుందని నాకు అనిపించింది.

ఇలా వంశాలు తారుమారు కావడం ఆశ్చర్యార్థకాల విషయంలో మరీ ఎక్కువ. పాత ఇంగ్లీషు నాటకాలు చదివే తెలుగువారికి జౌండ్స్, గాడ్జూక్స్, ఆడ్స్ బాడికిన్స్ వంటివి అర్థం లేని అరుపుల్లా కనిపిస్తాయి. వాటికి అర్థం ఉంది. దాన్ని కావాలనే దాచారు. జౌండ్స్ అంటే దేవుడి గాయాలు. స్‌బ్లడ్ అంటే దేవుడి రక్తం. బాడికిన్ అంటే చిన్నారి దేహం. ఆస్ట్రేలియాలో నేటికీ వినిపించే స్ట్రూత్ దేవుడి సత్యం. సిలువ మీద వేలాడిన క్రీస్తు శరీరం మీద పెట్టుకున్న ఒట్లే వీటిలో ఎక్కువ. దేవుడి పేరును వ్యర్థంగా ఉచ్చరించరాదని పది ఆజ్ఞల్లో ఒకటి శాసిస్తుంది కాబట్టి, ఒట్టు పెట్టుకోవాలన్న ఉద్వేగం ఆగక, పేరు పలకడానికి ధైర్యం చాలక, దేవుడి అని అర్థమిచ్చే గాడ్స్ అన్న మాటను కొరికి, చివరి హల్లు మాత్రం మిగిల్చి, దానికి గాయాలనూ రక్తాన్నీ అతికించారు. గాష్, గాలీ అన్నవి గాడ్‌కు వేసిన ముసుగులు. గీ జీసస్‌కు, క్రైకీ క్రైస్ట్‌కు, హెక్ హెల్‌కు. యార్క్‌షైర్ వాళ్ళ "బై గమ్", ఐర్లండ్ వాళ్ళదిగా చెప్పే "బెగోరా" కూడా దేవుడి పేరు మీది ఒట్లే. స్కాట్లండ్ వాళ్ళ "క్రివెన్స్"లో క్రీస్తు దాగి ఉన్నాడు. ఒకే భయం ఒక్కో సీమలో ఒక్కో ముసుగు వేసుకుంది.

ఈ భయం మన అనుభవంలో లేనిది కాబట్టి, తెలుగువారు దీన్ని కాస్త ఆగి ఆలోచించాలి. మనకు నామం పలకడమే పుణ్యం. ప్రాణం పోయే వేళ కొడుకును "నారాయణా" అని పిలిచినందుకే అజామిళుడికి యమభటుల చెర తప్పిందని భాగవతం చెబుతుంది. అందువల్ల "రామ రామ", "శివ శివ", "ఓరి భగవంతుడా" అని మనం కాలికి రాయి తగిలినా, పాలు పొంగిపోయినా నిస్సంకోచంగా అంటాం. మన భాషలో ఒట్టు వేరు, తిట్టు వేరు. ఇంగ్లీషులో ఆ రెంటికీ స్వేర్ అన్న ఒక్క క్రియే ఎందుకు సరిపోయిందో నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. కోర్టులో చేసే ప్రమాణమూ వీధిలో తిట్టే తిట్టూ ఒకే క్రియ పంచుకోవడానికి కారణం, ఆ సమాజంలో అదుపు లేకుండా పెట్టే ఒట్టే తిట్టుగా, నేరంగా మారిన చరిత్ర. ఒక్కచోట మాత్రం రెండు భాషలూ దగ్గరగా వస్తాయి. లండన్ సామాన్యులు ఆశ్చర్యం కలిగితే అనే "బ్లైమీ" అన్నది "దేవుడు నన్ను గుడ్డివాణ్ణి చేయుగాక" అన్న ఒట్టు అరిగిపోయిన రూపం. అబద్ధమాడితే కళ్ళు పోతాయని మన ఊళ్ళలో పిల్లలు ఇప్పటికీ ఒట్టు పెట్టుకుంటారు.

నేరమని ఊరికే అనలేదు. 1606లో ఇంగ్లండ్ పార్లమెంటు, నాటకంలో దేవుడి పేరునో క్రీస్తు పేరునో పరిహాసంగా పలికితే ఒక్కోసారికి పది పౌండ్ల జరిమానా అని చట్టం చేసింది. అందులో సగం రాజుకు, సగం దావా వేసినవాడికి. ఆ చట్టం నాటక ప్రతుల మీద వదిలిన జాడ ఈనాటికీ కనిపిస్తుంది. 1622లో అచ్చయిన ఒథెల్లో ప్రతిలో ఇయాగో నోట "స్‌బ్లడ్", "జౌండ్స్" వినిపిస్తాయి; మరుసటి ఏడాది వచ్చిన సంపుటంలో అవే వాక్యాల్లో ఆ మాటలు మాయమయ్యాయి. ఇక 1745 నాటి చట్టం వీధిలోకి కూడా వచ్చింది. ఒట్టు నోట పలికినవాడు రోజుకూలీ, మామూలు సిపాయి, నావికుడు అయితే ఒక షిల్లింగు. పెద్దమనిషి కంటే తక్కువ హోదా గల ఇతరులైతే రెండు. పెద్దమనిషి, ఆపై స్థాయివాడైతే అయిదు. రెండోసారికి రెట్టింపు, మూడోసారికి మూడింతలు. ఏడాదికి నాలుగుసార్లు ఆ చట్టాన్ని చర్చిల్లో చదివి వినిపించాలని కూడా అందులోనే రాశారు. దాన్ని పూర్తిగా రద్దు చేసింది 1967లో. ఒట్టు ఒకటే అయినా మనిషి హోదాను బట్టి వెల కట్టిన ఆ పట్టికను మొదటిసారి చూసినప్పుడు, కూలీకి షిల్లింగు చిన్న మొత్తం కాదు కదా అనీ, నోటికి ముసుగు ఎవరికి ఎక్కువ అవసరమైందో ఇందులోనే ఉందనీ అనిపించింది. హాంప్‌షైర్ పల్లెలో ఉంటూ పక్షులనూ చెట్లనూ గమనించి రాసిన గిల్బర్ట్ వైట్ 1775 నాటి తన దినచర్యలో గాలీ అన్న మాటను నమోదు చేస్తూ, బండ్లు తోలేవాళ్ళూ అట్టడుగు జనమూ ఎక్కువగా వాడే సరదా ఒట్టు అని రాసుకున్నాడు. ఆ మాట మనదాకా వచ్చింది ఆ బండివాళ్ళ వల్ల.

గొప్పవారి ఖాతాలో వేయడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ డికెన్స్. "వాట్ ది డికెన్స్" అన్న మాట నవలాకారుడి పేరు మీద వచ్చిందని మా కాలేజీలో ఒక అధ్యాపకులు పాఠంలో చెబితే మేమంతా నోట్సు రాసుకున్నాం. ఆ రచయిత పుట్టింది 1812లో. అంతకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందే షేక్‌స్పియర్ ప్రహసనంలో ఒక మధ్యతరగతి ఇల్లాలు ఆ మాట అంటుంది. అక్కడ డికెన్స్ దయ్యానికి మారుపేరు. దయ్యం పేరు ఎత్తితే వస్తుందన్న భయం ఇళ్ళల్లోని మనుషులది, పుస్తకాలది కాదు.

"బ్లడీ" కూడా ఇలాంటి కథకే బలైంది. అది "బై అవర్ లేడీ", అంటే మరియమ్మ మీద ఒట్టు అని ఎంతోమంది చదువుకున్నవారు నమ్ముతారు. నాకు ఆ వాదం ఎన్నడూ సమంజసంగా తోచలేదు. మరియమ్మ మీద ఒట్లు ఇంగ్లీషులో నిజంగానే ఉన్నాయి. "మారీ" అన్న పాత ఉద్గారం అలాంటిదే. కానీ అవన్నీ వాక్యానికి ముందు విడిగా నిలబడతాయి. బ్లడీ అలా నిలబడదు. మరో మాటకు ముందు విశేషణంగానో క్రియావిశేషణంగానో అంటుకుంటుంది. 17వ శతాబ్దంలో అది మత్తు తీవ్రతను చెప్పడానికి వాడిన మాట, రక్తంలోంచి వచ్చిన మాట. 1914లో లండన్ రంగస్థలం మీద బెర్నార్డ్ షా పిగ్మేలియన్‌లో పూలమ్మే అమ్మాయి ఎలైజా "నాట్ బ్లడీ లైక్లీ" అన్నప్పుడు పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఉచ్చారణ మార్చి దొరసానిగా తయారుచేసిన పిల్ల నోట, తన వీధి మాట ఒక్కటి మిగిలి ఉండడమే ఆ గగ్గోలుకు కారణం. అదే మాటను ఆస్ట్రేలియాలో రైతులూ గొర్రెల కాపరులూ ఎంత మామూలుగా వాడేవారంటే, ఆ దేశపు విశేషణంగానే దానికి పేరొచ్చింది.

రోజుకు వందసార్లు మనం అనే ఓకే విషయంలోనూ కథలకు కొదవ లేదు. అమెరికా ఆదివాసుల చోక్తా భాషలోంచి వచ్చిందనీ, స్పెల్లింగు రాని అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సంతకమనీ చెబుతారు. పాత పత్రికలను ఏళ్ళ తరబడి తిరగేసిన ఆలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు 1960లలో అసలు సంగతి తేల్చాడు. 1839 మార్చి 23న బోస్టన్ పత్రిక ఒకటి "ఆల్ కరెక్ట్" అన్నదాన్ని తప్పు స్పెల్లింగుతో (oll korrect), ఓ.కే. అన్న పొడి అక్షరాలతో పరాచికంగా రాసింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో, కిండర్‌హుక్ ఊరివాడైన అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కు "ఓల్డ్ కిండర్‌హుక్" అన్న పేరు పెట్టి అనుచరులు ఆ అక్షరాలను ఊరూరా తిప్పారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు గాని మాట గెలిచింది. పొడి అక్షరాల నుంచి నిజంగా పుట్టిన మాట ఇదొక్కటి కనిపించేసరికి, ప్రతి మాటకూ పొడి అక్షరాల కథ అల్లడం జనానికి అలవాటైంది.

ఇప్పుడు మనకు దగ్గరగా వస్తాను, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను. "ఐ డోంట్ గివ్ ఎ డామ్" అన్న మాటలోని డామ్ మన దాము నాణెమనీ, అక్బరు కాలంలో రూపాయికి నలభై దాములనీ, ఆ చిల్లర కూడా ఇవ్వను అన్నదే భావమనీ ఇంగ్లండులో నేను చాలామందికి గర్వంగా చెప్పాను. ఆ ఊహ నాది కాదు. హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఆర్థర్ బర్నెల్ కలిసి తయారుచేసి 1886లో వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ నిఘంటువులో అది ఉంది. కానీ ఒక శాపం పాటి విలువ కూడా లేదన్న పలుకుబడి ఇంగ్లీషులో దానంతట అదే ఉన్నది, డామ్ కూడా శాపమే; నాణెం మధ్యలోకి రావలసిన పని లేదు. ఈ సంగతి తెలిశాక నేను ఆ కథ మానేశాను. మనవి కాని వాటిని మనవని చెప్పుకున్నంత కాలం, నిజంగా మనవైన వాటిని చెప్పినా ఎవరూ నమ్మరు.

నిజంగా మనవైనవి ఉన్నాయి. ఆ నిఘంటువు పేరే ఒక ఉద్గారం. మొహర్రం ఊరేగింపుల్లో గుండెలు బాదుకుంటూ "యా హసన్, యా హుసేన్" అని చేసే శోకాన్ని తెల్ల సిపాయిలు తమ చెవికి తోచినట్టు హాబ్సన్-జాబ్సన్ అన్నారు. పీర్ల పండగ నాడు హైదరాబాదు పాతబస్తీలోనూ, మా అనంతపురం పల్లెల్లోనూ ఆ పిలుపు విని పెరిగినవాళ్ళకు, ఒకరి దుఃఖం మరొకరి నోట ఎంత మారిపోతుందో ఆ పేరులోనే వినిపిస్తుంది. ఇక బ్యాండికూట్ అచ్చంగా మన పందికొక్కు. తెలుగు రైతు గట్లు తవ్వి, గాదెలు ఖాళీ చేసే జంతువు పేరు ఓడెక్కి ఆస్ట్రేలియా చేరి, అక్కడి పొడుగు ముక్కు, కడుపు సంచీ గల వేరే ప్రాణికి స్థిరపడింది. అక్కడ అది క్రియ కూడా అయింది. మొక్క పైకి ఉన్నది ఉన్నట్టే ఉంచి, మట్టి కింద చేయి పెట్టి బంగాళదుంపలు దొంగిలించడాన్ని ఆస్ట్రేలియా పల్లెల్లో "బ్యాండికూటింగ్" అంటారు. పందికొక్కులా మెక్కడం అనే మన మాట గుర్తుకొచ్చి, ఏ ఊరి రైతుల నోటి నుంచి తొలిసారి ఒక తెల్లవాడు ఆ పేరు విని రాసుకున్నాడో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఆ ఆస్ట్రేలియా వాళ్ళే నిజాయితీకీ, నిక్కచ్చితనానికీ "ఫెయిర్ డింకమ్" అంటారు. గనుల్లో బంగారం తవ్విన చీనావాళ్ళు మేలిమి బంగారానికి అన్న మాట అదని ఒక కథ. బంగారంతో మెరిసే కథ కాబట్టి ఎంతో వ్యాపించింది. నిజానికి 1880ల, 90ల నాటి లింకన్‌షైర్, డర్బీషైర్ మాండలికాల్లో డింకమ్ అంటే కష్టం, తన వంతు పని; ఫెయిర్ డింకమ్ అంటే న్యాయమైన పద్ధతి. అంటే మా ఇంటావిడ పుట్టిన సీమలో బొగ్గు గనిలో దిగినవాడు తన వంతు పనికి పెట్టుకున్న పేరు, ఒక ఖండమంతటికీ నిజాయితీకి పేరైంది. బంగారం కథ కంటే ఇది ఎందులో తక్కువో నాకు తెలియదు.

ఇవన్నీ మనకు దక్కాయంటే జోసెఫ్ రైట్ అనే మనిషి శ్రమ చాలా ఉంది. 1855లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టిన రైట్ ఆరేళ్ళకే రాతి క్వారీలో గాడిద బండి తోలాడు. ఏడేళ్ళకు సాల్టేర్ మిల్లులో బాబిన్లు మార్చే పనిలో చేరాడు. అక్షరాలు నేర్చుకున్నది పదిహేనేళ్ళకు. తర్వాత హైడెల్‌బర్గ్ వెళ్ళి డాక్టరేటు పొంది, 1901లో ఆక్స్‌ఫర్డ్‌లో తులనాత్మక భాషాశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాలుగా వెలువడిన ఇంగ్లీష్ డయలెక్ట్ డిక్షనరీ ఆయన సంపాదకత్వంలో వచ్చింది. ఖర్చు భారం కూడా తానే నెత్తిన వేసుకున్నాడు. మాండలికం పోగొట్టుకుంటేనే పండితుడవుతాడని అందరూ అనుకునే కాలంలో, యార్క్‌షైర్ మాటను ఆయన ఆక్స్‌ఫర్డ్‌కు తనతోపాటు తీసుకువెళ్ళాడు. మాట పుట్టుకను రాజుల దగ్గర వెదకవలసిన అవసరం ఆయనకు కలగకపోవడానికి, ఆ మాటలు మాట్లాడే మిల్లులోనే తాను పెరగడం ఒక కారణమని నేను నమ్ముతాను.

మా యూనివర్సిటీ లైబ్రరీలో ఆ ఆరు సంపుటాలూ ఉండేవి. ఒకరోజు నెష్ ఉన్న పుట తెరిచి, ఏయే జిల్లాల్లో ఆ మాట వినిపించిందో చిన్న అక్షరాల్లో వరసగా ఇచ్చిన జాబితా చూసి, ఆ పుట జిరాక్సు తీయించి ఇంటికి తెచ్చాను. ఇంటావిడ కళ్ళద్దాలు పెట్టుకుని, వంటగది బల్ల దగ్గర కూర్చుని, జిల్లాల పేర్ల కింద వేలు జరుపుతూ నాటింగ్‌హామ్ దగ్గర ఆగి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, గారాబంతో చెడిపోయి మూతి ముడుచుకునే పిల్లను తన తల్లి "మార్డీ" అనేదనీ, అది కూడా అందులో ఉంటుందా అనీ అడిగారు. మరుసటి వారం ఆ పుట కూడా తెచ్చి ఇచ్చాను.